ఆర్‌లో గ్రాఫుకు తుదిరూపం: అంచులు, అక్షాలు, లెజెండు, రంగులు కమాండ్లతోనే సరిచేయడం ఎలా?

విచలనం రాసినది:

సభ్యులందరికీ నమస్కారం. నాలుగు చికిత్సా బృందాల సగటు రక్తపోటు పన్నెండు నెలల్లో ఎలా మారిందో చూపే గీతల గ్రాఫును గణాంకాల కోసం వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని మామూలు 'ప్లాట్', 'లైన్స్' కమాండ్లతో గీశాను. ప్రతి సగటుకూ ప్రామాణిక దోషం (ఆ సగటు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) చూపే నిలువు గీతలు కూడా ఉండాలి. తెరమీద చూసినప్పుడు గ్రాఫు బాగానే ఉంది కానీ, పత్రికకు పంపడానికి ఫైలుగా భద్రపరచగానే నాలుగు ఇబ్బందులు బయటపడుతున్నాయి. నిలువు అక్షం శీర్షిక రెండు వరుసల్లో ఉండాలి, అందులో పై వరుస తెగిపోతోంది. ఏ గీత ఏ బృందానిదో చెప్పే లెజెండు పెట్టె సరిగ్గా గీతలు కలిసే చోటే కూర్చుంటోంది. నెలల పేర్లు పన్నెండూ రావాలి, ఆర్ మాత్రం మధ్యలో కొన్నింటిని తనంతట తానే వదిలేస్తోంది. చివరిది అన్నిటికంటే చిరాకు పెడుతున్నది: బొమ్మ వెడల్పు 85 మిల్లీమీటర్లు, రిజల్యూషన్ అంగుళానికి 600 చుక్కలు ఉండాలని పత్రిక నిబంధన. అందుకని 'పీఎన్‌జీ' కమాండ్‌లో వెడల్పును 2000 పిక్సెళ్లకు పెంచితే, అక్షరాలు చీమ తలకాయల్లా కనిపిస్తున్నాయి.

బొమ్మను ఏదైనా చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చేత్తో దిద్దుకోమని కొందరు సలహా ఇచ్చారు. సమీక్షకులు దత్తాంశంలో మార్పులు అడిగిన ప్రతిసారీ ఆ దిద్దుబాటును మొదటినుంచీ చేయాల్సి వస్తుంది కనుక అది నాకు సమ్మతం కాదు. అంతా స్క్రిప్టులోనే ఉండేలా దారి చూపగలరా?

మధ్యగతం రాసినది:

విచలనం గారూ, మీరు చివరగా చెప్పినదాన్ని మొదట పరిష్కరించుకుంటే మిగిలిన మూడింట్లో సగం భారం తగ్గుతుంది. గ్రాఫును తెరమీద అందంగా తీర్చిదిద్ది, ఆ తర్వాత కొలత మార్చి భద్రపరచడం చాలామందికి అలవాటు. ఆర్‌లో ఇది తలకిందుల పద్ధతి. ఎందుకంటే అక్షరాల పరిమాణం, గీతల మందం, అంచుల వెడల్పు అన్నీ పాయింట్లలోనో, వరుసల్లోనో, అంటే నిజమైన కొలతల్లో నిర్ణయమవుతాయి. కాగితం పెద్దదైనా చిన్నదైనా అవి దానితో పాటు సాగవు, కుంచించుకోవు.

'పీఎన్‌జీ' కమాండ్‌కు మీరేమీ చెప్పకపోతే 480 పిక్సెళ్ల వెడల్పు, 480 ఎత్తు, అంగుళానికి 72 పిక్సెళ్లు, 12 పాయింట్ల అక్షరం అనుకుంటుంది. అంగుళానికి 72 పాయింట్లు కనుక 12 పాయింట్ల అక్షరానికి 12 పిక్సెళ్లే దక్కుతాయి. వెడల్పును 2000 చేసి రిజల్యూషన్‌ను ముట్టుకోకపోతే, ఆ 12 పిక్సెళ్లు 2000లో భాగమవుతాయి. పత్రిక దాన్ని 85 మిల్లీమీటర్లలో ముద్రిస్తే మీ అక్షరం అర మిల్లీమీటరు ఎత్తుకు దిగుతుంది. మీరు చూసిన చీమ తలకాయలు అవే.

కాబట్టి కొలతను పిక్సెళ్లలో కాకుండా మిల్లీమీటర్లలోనే చెప్పండి. యూనిట్స్ దగ్గర మిల్లీమీటర్లు, విడ్త్ 85, హైట్ 70, రెస్ 600, పాయింట్‌సైజ్ 8 అని ఇస్తే చాలు, పిక్సెళ్ల లెక్కను ఆర్ తనే వేసుకుంటుంది. 85 మిల్లీమీటర్లను 25.4తో భాగించి 600తో గుణిస్తే 2008 పిక్సెళ్లు వస్తాయి. అంటే మీరు ముందు ఇచ్చిన పిక్సెళ్ల సంఖ్య దాదాపు సరైనదే, దానికి తోడుగా ఉండాల్సిన రిజల్యూషన్ మాత్రమే లేదు.

ఇక అంచులు. 'పార్' కమాండ్‌లోని 'మార్' నాలుగు అంకెలు తీసుకుంటుంది. వాటి వరుస కింద, ఎడమ, పైన, కుడి. కిందినుంచి మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో వెళ్తుందని గుర్తుపెట్టుకుంటే తికమక ఉండదు. చెప్పకపోతే అవి 5.1, 4.1, 4.1, 2.1 వరుసలుగా ఉంటాయి. 12 పాయింట్ల అక్షరానికి ఒక వరుస అంగుళంలో అయిదో వంతు, అంటే 5 మిల్లీమీటర్లకు కాస్త పైన. ఆ లెక్కన 70 మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మలో పైఅంచూ కిందిఅంచూ కలిసి దాదాపు 47 మిల్లీమీటర్లు మింగేస్తాయి, గీతలకు మిగిలేది 23. బొమ్మ ఇంకా చిన్నదైతే అసలు చోటే మిగలక, అంచులు మరీ పెద్దవిగా ఉన్నాయన్న ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ చూసి కంప్యూటర్‌ను తిట్టుకునేవారే ఎక్కువ, తెర కిటికీని కాస్త పెద్దది చేస్తే చాలన్నది అప్పుడు తట్టదు.

పత్రికల్లో గ్రాఫు శీర్షిక బొమ్మ కింద వ్యాఖ్యలో ఉంటుంది కనుక పైఅంచుకు అర వరుస చాలు. ఎడమవైపు మీ శీర్షిక రెండు వరుసలది కాబట్టి అక్కడ 5 ఇవ్వండి. నేనైతే పార్(మార్ = సి(3.5, 5, 0.5, 0.5), ఎంజీపీ = సి(2.4, 0.6, 0)) అని మొదలుపెట్టి చూస్తాను. 'ఎంజీపీ'లోని మూడు అంకెలు వరుసగా అక్షం శీర్షిక, అంకెలు, అక్షం గీత అనేవి గ్రాఫు చట్రానికి ఎన్ని వరుసల దూరంలో ఉండాలో చెబుతాయి. చెప్పకపోతే అవి 3, 1, 0. చిన్న బొమ్మలో శీర్షికకు, అంకెలకు మధ్య వృథాగా కనిపించే ఖాళీకి ఇదే కారణం.

అక్షరేఖ రాసినది:

మధ్యగతం గారు చెప్పినదానికి అక్షాల సంగతి కలుపుతాను.

నెలల పేర్లను ఆర్ వదిలేయడం లోపం కాదు. 'యాక్సిస్' కమాండ్ ఒక పేరు మరొక పేరు మీద పడుతుందని అంచనా వేస్తే దాన్ని రాయకుండా దాటేస్తుంది. 85 మిల్లీమీటర్లలో పన్నెండు నెలల పేర్లను పక్కపక్కన రాయించడం కష్టమే. అందువల్ల ముందుగా 'ప్లాట్' కమాండ్‌లో ఎక్స్‌ఏఎక్స్‌టీ విలువను 'ఎన్' అని పెట్టి, అడ్డ అక్షాన్ని అసలు గీయవద్దని చెప్పండి. తర్వాత మీ అక్షాన్ని మీరే గీసుకోవచ్చు: యాక్సిస్(1, ఎట్ = 1:12, లేబుల్స్ = నెలలు, లాస్ = 2). ఇక్కడ మొదటి అంకె ఏ వైపో చెబుతుంది. 1 కింద, 2 ఎడమ, 3 పైన, 4 కుడి. అంచుల వరుసే ఇక్కడా పనిచేస్తుంది. 'లాస్' విలువ 2 అయితే పేర్లు అక్షానికి లంబంగా నిలబడతాయి, 1 అయితే రెండు అక్షాల మీదా అడ్డంగానే ఉంటాయి. నిలువు అక్షం అంకెలకు ఎప్పుడూ 1 వాడటం మంచిదని నా అభిప్రాయం, తల పక్కకు వంచి చదవాల్సిన అంకెలు ఎవరికీ ఇష్టం ఉండవు.

పేర్లు 45 డిగ్రీల వాలులో కావాలంటే మాత్రం 'యాక్సిస్' ఆ పని చేయదు. లేబుల్స్ స్థానంలో ఫాల్స్ ఇచ్చి ఉత్త గుర్తులు మాత్రమే గీయించి, పేర్లను 'టెక్స్ట్' కమాండ్‌తో విడిగా రాయాలి. దానికి ఎస్‌ఆర్‌టీ 45 అని వాలు చెప్పాలి, ఎక్స్‌పీడీ ట్రూ అని చెప్పి చట్రం బయట రాయడానికి అనుమతి ఇవ్వాలి. ఎంత ఎత్తులో రాయాలన్నది ఊహించనక్కర్లేదు. పార్("యూఎస్ఆర్") అని అడిగితే చట్రం నాలుగు హద్దులూ మీ దత్తాంశం కొలమానంలోనే వస్తాయి, వాటిలో మూడోది అడుగు హద్దు. దానికి కొద్దిగా కింద రాస్తే చాలు.

మరొక ముఖ్యమైన మాట. నాలుగు గీతలున్నప్పుడు మొదటి బృందాన్ని 'ప్లాట్'తో, మిగిలిన మూడింటిని 'లైన్స్'తో గీస్తే, నిలువు అక్షం హద్దులు మొదటి బృందం విలువలను బట్టే ఖాయమవుతాయి. తర్వాతి బృందాల గీతలు ఆ హద్దు దాటితే ఆర్ ఏ హెచ్చరికా లేకుండా వాటిని కత్తిరించేస్తుంది. ఒక బృందం గీత మధ్యలో మాయమై మళ్లీ పైకి తేలితే అసలు కారణం సాధారణంగా ఇదే. అందుకే ముందు టైప్ "ఎన్" అని ఖాళీ చట్రాన్ని మాత్రమే వేసి, వైలిమ్ (నిలువు అక్షం హద్దులు) దగ్గర అన్ని బృందాల సగటు, దాని మీదా కిందా ఉన్న దోషం కలిపిన మొత్తం వ్యాప్తిని 'రేంజ్' కమాండ్‌తో లెక్కించి ఇవ్వండి. ఆ తర్వాత ఏ వరుసలో గీసినా ఫరవాలేదు.

చుక్కలు రాసినది:

లెజెండు గురించి నా అభిప్రాయం కాస్త కఠినంగా ఉంటుంది. గీతలు నాలుగే ఉన్నప్పుడు లెజెండు అసలు అవసరమే లేదు. పాఠకుడు గీతను చూసి, పెట్టెలోకి వెళ్లి, రంగు వెతుక్కుని, మళ్లీ గీత దగ్గరకు రావాల్సిన అవసరమేమిటి? ప్రతి గీత చివరన, కుడి అంచులో బృందం పేరు రాసేస్తే ఆ తిరుగుడు తప్పుతుంది. కుడి అంచుకు 5 వరుసలు కేటాయించి, 'ఎంటెక్స్ట్' కమాండ్‌కు సైడ్ 4, ఎట్ దగ్గర పన్నెండో నెల సగటులు, లాస్ 1, లైన్ 0.3, రంగు దగ్గర గీతల రంగులే ఇస్తే నాలుగు పేర్లూ ఒకే కమాండ్‌తో పడతాయి. రెండు గీతలు ఒకే ఎత్తులో ముగిస్తే పేర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు ఒకదాన్ని కాస్త పైకి జరపడం మీ చేతిపనే, బేస్ గ్రాఫిక్స్ (ఆర్‌తో పాటే వచ్చే 'ప్లాట్', 'లైన్స్' వంటి మామూలు కమాండ్లు) ఆ తీర్పు చెప్పదు.

లెజెండు తప్పనిసరి అనుకుంటే, 'లెజెండ్' కమాండ్‌కు "టాప్‌రైట్" వంటి మూల పేరు, ఇన్‌సెట్‌కు రుణ విలువ, ఎక్స్‌పీడీ ట్రూ ఇస్తే పెట్టె చట్రం బయటకు వెళ్తుంది. పెట్టె చుట్టూ గీత అక్కర్లేకపోతే బీటీవై "ఎన్". ఇక్కడ జాగ్రత్త వహించాల్సింది ఇంకొకటుంది. బేస్ గ్రాఫిక్స్‌లో లెజెండుకు, గీతలకు ఏ సంబంధమూ లేదు. మీరు ఏ రంగుకు ఏ పేరు రాస్తే అదే వస్తుంది, తప్పు రాస్తే తప్పే ముద్రణకు వెళ్తుంది. అందుకే రంగులను బృందాల పేర్లు తగిలించిన ఒకే వెక్టరులో (విలువల వరుసలో) ఉంచి, గీత గీసేటప్పుడూ లెజెండు రాసేటప్పుడూ అదే వెక్టరునుంచి పేరుతో తీసుకోండి. ఎరుపు, నీలం అని రెండు చోట్ల విడిగా టైపు చేయడం మానేస్తే ఆ ప్రమాదం చాలావరకు పోతుంది.

ప్రామాణిక దోషం గీతలకు బేస్‌లో ప్రత్యేక కమాండు లేదు. 'ఆరోస్' కమాండ్‌తో బాణాన్నే వాడుకుంటాము. యాంగిల్ 90 ఇస్తే బాణం ములుకు అడ్డగీతగా మారుతుంది, కోడ్ 3 ఇస్తే రెండు కొనలకూ వస్తుంది, లెంగ్త్ 0.02 ఇస్తే ఆ అడ్డగీత చిన్నదిగా ఉంటుంది. లెంగ్త్ అంగుళాల్లో అని మరచిపోవద్దు. దోషం సున్నా అయిన చోట, పొడవులేని బాణాన్ని వదిలేశానని ఆర్ హెచ్చరిస్తుంది, దానికి కంగారుపడనక్కర్లేదు. నాలుగు బృందాల దోష గీతలూ ఒకే నెల మీద ఒకదానిపై ఒకటి పడకుండా, ప్రతి బృందాన్నీ అడ్డంగా 0.1 చొప్పున జరపండి.

వర్ణలేఖ రాసినది:

రంగుల విషయంలో ఒక్క మాట. ఆర్ పాత వెర్షన్లలో రెండు, మూడు, నాలుగు అంకెలు ఇస్తే కళ్లు జిగేలుమనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వచ్చేవి. 2020లో వచ్చిన 4.0.0 వెర్షన్‌తో ఆ వరుస మారి కాస్త మెత్తని రంగులు వచ్చాయి. అయినా నేను అంకెల మీద ఆధారపడవద్దంటాను. అదే వెర్షన్‌లో వచ్చిన 'పాలెట్.కలర్స్' కమాండ్‌కు "ఒకాబే-ఇటో" అని పేరు ఇస్తే, ఎరుపు ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారికి కూడా వేరువేరుగా కనిపించే రంగులు వస్తాయి. వాటిలో మొదటిది నలుపు. పసుపు మాత్రం తెల్ల కాగితం మీద పలచని గీతగా గీస్తే కనపడదు, దాన్ని వదిలేయండి.

రంగు ఒక్కదాని మీదే భారం వేయకండి. మీ వ్యాసాన్ని నలుపు తెలుపుల్లో ముద్రించుకుని చదివేవారు ఇప్పటికీ ఉన్నారు. 'ఎల్‌టీవై' తో గీత రకం మార్చవచ్చు: 1 నిండు గీత, 2 ముక్కల గీత, 3 చుక్కల గీత. 'పీసీహెచ్' తో గుర్తు ఆకారం మార్చవచ్చు. 0 నుంచి 25 వరకు ఉన్న గుర్తుల్లో 21 నుంచి 25 వరకు ఉన్నవి ప్రత్యేకం. వాటికి చుట్టుగీత రంగును 'కోల్' తోనూ, లోపలి రంగును 'బీజీ' తోనూ విడివిడిగా ఇవ్వవచ్చు. తెల్లని లోపలి రంగుతో గుర్తులు వేస్తే గీత మీద అవి తేటగా కనిపిస్తాయి.

పొరలు రాసినది:

ఇంతవరకు చదివాక అడగకుండా ఉండలేకపోతున్నాను. ఇన్ని సర్దుబాట్లు చేత్తో చేయడం కంటే, ఆర్‌లోనే గ్రాఫుల కోసం ఉన్న జీజీప్లాట్2 ప్యాకేజీకి మారిపోవచ్చు కదా? అందులో రంగు, లెజెండు రెండూ ఒకే స్కేలు నుంచి పుడతాయి కనుక చుక్కలు గారు చెప్పిన పేర్ల పొరపాటు దాదాపు జరగదు. హద్దులను అన్ని బృందాలనూ చూసే లెక్కిస్తుంది. దోష గీతలకు 'జియోమ్_ఎర్రర్‌బార్', పక్కకు జరపడానికి 'పొజిషన్_డాడ్జ్' ఉన్నాయి. పేర్లు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దే 'జీజీరిపెల్' ప్యాకేజీ కూడా ఉంది. భద్రపరిచేటప్పుడు 'జీజీసేవ్' కు విడ్త్ 85, హైట్ 70, యూనిట్స్ మిల్లీమీటర్లు, డీపీఐ 600 అంటే సరిపోతుంది.

అయితే దీన్ని వాడేవారు తప్పక తెలుసుకోవాల్సిన ఉచ్చు ఒకటుంది. అక్షం హద్దులను 'వైలిమ్' తోనో, స్కేలు లిమిట్స్ తోనో పెడితే, ఆ హద్దు బయట ఉన్న విలువలను జీజీప్లాట్2 ముందే తీసేసి, మిగిలినవాటితో లెక్కలు వేస్తుంది. ఉదాహరణకు ఒక బృందం విలువలు 2, 4, 6, 8, 30 అనుకోండి. మధ్యగతం (వరుసలో నడిమి విలువ) 6, సగటు 10. హద్దును 0 నుంచి 10 అని పెట్టగానే 30 పోతుంది, బాక్స్‌ప్లాట్‌లో (విలువల వ్యాప్తిని పెట్టెగా చూపే గ్రాఫులో) మధ్యగతం 5 దగ్గరికి దిగుతుంది, సగటు కూడా 5 అవుతుంది. ఒక వరుసను తీసేశానన్న హెచ్చరిక కన్సోల్‌లో వస్తుంది, కానీ దాన్ని చదివేవారు తక్కువ. గ్రాఫులో ఆ భాగాన్ని దగ్గరగా చూపడమే మీ ఉద్దేశమైతే 'కోఆర్డ్_కార్టీజియన్' లోపల హద్దులు ఇవ్వాలి. అప్పుడు లెక్కలన్నీ పూర్తి దత్తాంశం మీదే జరిగి, బొమ్మ మాత్రమే కత్తిరించబడుతుంది.

అక్షరాల కొలతల్లోనూ ఒక మెలిక ఉంది. 'థీమ్' లోని అక్షరాలు పాయింట్లలో ఉంటాయి, 'జియోమ్_టెక్స్ట్' లోని సైజ్ మాత్రం మిల్లీమీటర్లలో ఉంటుంది. రెండింటికీ 8 ఇస్తే గ్రాఫు లోపలి పేర్లు అక్షం అంకెల కంటే దాదాపు మూడు రెట్లు పెద్దవిగా వస్తాయి. కావలసిన పాయింట్లను 2.845తో భాగించి ఇస్తే సరిపోతుంది. ఆ విలువ '.పీటీ' అన్న పేరుతో ప్యాకేజీలోనే సిద్ధంగా ఉంది.

మధ్యగతం రాసినది:

పొరలు గారు చెప్పిన ఉచ్చు చాలామంది వ్యాసాల్లోకి నిశ్శబ్దంగా దూరిపోయే రకం, దాన్ని ఇక్కడ ప్రస్తావించినందుకు సంతోషం. బేస్ బాక్స్‌ప్లాట్‌లో వైలిమ్ ఇస్తే ముందు లెక్కలు పూర్తయ్యాక హద్దు పడుతుంది కనుక ఈ బెడద లేదు. జీజీప్లాట్2ను నేను కాదనను. విచలనం గారి స్క్రిప్టు ఇప్పటికే బేస్‌లో ఉంది, ఒకే ఒక గ్రాఫు కోసం అంతా తిరగరాయడం మాత్రం నాకు అనవసరంగా తోస్తోంది. పది రకాల గ్రాఫులు గీయాల్సి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

రెండింటినీ కలిపి వాడేవారికి ఒక హెచ్చరిక. జీజీప్లాట్2, లాటిస్ అనే మరో గ్రాఫుల ప్యాకేజీ రెండూ గ్రిడ్ అనే వేరే వ్యవస్థ మీద నిర్మించినవి. 'పార్' లో మీరు పెట్టిన మార్ గానీ, ఒకే పేజీలో గ్రాఫులను గడులుగా అమర్చే ఎంఎఫ్‌రో గానీ వాటికి చెల్లవు. ఎంఎఫ్‌రో రెండుకు రెండు అని పెట్టి నాలుగు జీజీప్లాట్‌లు వరుసగా గీస్తే నాలుగూ నాలుగు పేజీల్లో విడివిడిగా వస్తాయి.

కామా_తర్వాత రాసినది:

స్టాటా అనే మరో గణాంకాల సాఫ్ట్‌వేర్ వాడేవారు కూడా ఈ చర్చను చదువుతున్నారని నమ్మి నాలుగు మాటలు రాస్తున్నాను. మా దగ్గర గ్రాఫు మర్యాద అంతా కామా తర్వాతే ఉంటుంది. 'టూవే' కమాండ్ కింద ఒక్కో పొరను కుండలీకరణాల్లో పెట్టి, మొదట దోష గీతలకు 'ఆర్‌క్యాప్', దాని మీద 'కనెక్టెడ్' వేస్తాము. మొత్తం గ్రాఫుకు చెందిన ఆప్షన్లు చివరి కామా తర్వాత వస్తాయి, ఒక్క పొరకే చెందినవి ఆ కుండలీకరణాల లోపలి కామా తర్వాత వస్తాయి. ఈ రెండు కామాల తేడా పట్టుబడితే స్టాటా గ్రాఫుల్లో సగం అయోమయం తీరిపోతుంది.

విచలనం గారి రెండు వరుసల శీర్షికకు 'వైటైటిల్' లోపల రెండు కొటేషన్ జతలు పక్కపక్కన పెడితే చాలు, అవి రెండు వరుసలుగా పడతాయి. 'ఎక్స్‌లేబుల్' లో ప్రతి అంకె పక్కన నెల పేరును కొటేషన్లలో ఇచ్చి, యాంగిల్(45) అంటే వాలు పేర్లు వస్తాయి, దానికి ఆర్‌లోలా విడిగా 'టెక్స్ట్' రాయనక్కర్లేదు. ఆర్‌క్యాప్ పొరలు కూడా లెజెండులో చేరిపోతాయి కనుక, లెజెండ్ ఆప్షన్ లోపల 'ఆర్డర్' తో కావలసిన పొరల సంఖ్యలు మాత్రమే ఇవ్వాలి. రూపురేఖలన్నీ ఒక్కసారిగా మార్చడానికి 'స్కీమ్' ఉంది. 2023లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి ఏమీ చెప్పకపోతే వచ్చే స్కీమ్ మారింది కనుక, పాత డూ-ఫైలును (స్టాటా స్క్రిప్టును) కొత్త వెర్షన్‌లో నడిపితే బొమ్మ వేరేలా రావచ్చు. స్కీమ్ పేరును స్క్రిప్టులో స్పష్టంగా రాసి ఉంచితే ఆ ఆశ్చర్యం ఎదురుకాదు.

గ్రాఫ్ ఎడిటర్‌లో మౌసుతో దిద్దడం నాకూ నచ్చదు. తప్పనిసరైతే ఆ ఎడిటర్‌లోనే ఉన్న రికార్డర్‌ను ఆన్ చేసి దిద్దండి. ఆ దిద్దుబాట్లు ఫైలుగా నిలిచి, తర్వాతి గ్రాఫుకు మళ్లీ వర్తింపజేసుకోవచ్చు.

విచలనం రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. మధ్యగతం గారు చెప్పినట్టు కొలతను మిల్లీమీటర్లలో ఇచ్చి, అంచులు సరిచేసి, అక్షరేఖ గారు చెప్పినట్టు ఖాళీ చట్రంతో మొదలుపెట్టి అక్షాన్ని నేనే గీశాక శీర్షిక, నెలల పేర్లు, అక్షరాల ఇబ్బందులు తీరాయి. లెజెండు తీసేసి కుడి అంచులో పేర్లు రాశాను, చూడటానికి హాయిగా ఉంది. అయితే మా పర్యవేక్షకులు ఇప్పుడు అదే గ్రాఫులో కుడివైపు రెండో నిలువు అక్షం పెట్టి, సగటు మాత్రల మోతాదును కూడా చూపమంటున్నారు. పార్(న్యూ = ట్రూ) అని పెట్టి రెండో గ్రాఫును మొదటి దాని మీద గీయవచ్చని చదివాను. అది సరైన దారేనా?

చుక్కలు రాసినది:

సాంకేతికంగా అది పనిచేస్తుంది. పార్(న్యూ = ట్రూ) తర్వాతి 'ప్లాట్' పాత బొమ్మను చెరపకుండా దాని మీదే కొత్త కొలమానంతో గీస్తుంది. ఆ రెండో 'ప్లాట్' లో అక్షాలను, శీర్షికలను ఆపేసి యాక్సిస్(4) తో కుడి అక్షం వేస్తారు. అడ్డ అక్షం హద్దులు రెండు సార్లూ అక్షరాలా ఒకటిగా ఉండాలి, లేకపోతే మార్చి నెల మోతాదు ఫిబ్రవరి రక్తపోటు మీద కూర్చుంటుంది.

నేను మాత్రం దీన్ని వద్దంటాను. రెండు కొలమానాల్లో దేన్ని ఎంత సాగదీయాలన్నది పూర్తిగా మీ ఇష్టం. హద్దులు కాస్త మారిస్తే మోతాదు గీత రక్తపోటు గీతను దాటినట్టూ కనిపిస్తుంది, దానికి సమాంతరంగా నడిచినట్టూ కనిపిస్తుంది. ఆ దాటిన చోటుకు ఏ అర్థమూ లేకపోయినా పాఠకుడి చూపు ముందుగా అక్కడికే పోతుంది.

అక్షరేఖ రాసినది:

చుక్కలు గారితో ఏకీభవిస్తూ ప్రత్యామ్నాయం చెబుతాను. ఒకే అడ్డ అక్షాన్ని పంచుకునే రెండు గడులను ఒకదాని కింద ఒకటి పెట్టండి. పైగడిలో రక్తపోటు, కిందిగడిలో మోతాదు. 'లేఅవుట్' కమాండ్‌కు రెండు వరుసల మాత్రిక ఇచ్చి, హైట్స్ దగ్గర సి(2, 1) అంటే పైగడికి రెండింతల ఎత్తు దక్కుతుంది. గడుల మధ్య చోటు వృథా కాకుండా ఒక్కో గడి మార్ లో పైనా కిందా 0.3 మాత్రమే ఉంచి, నెలల పేర్లకు కావలసిన చోటును 'ఓమా' తో బయటి అంచుగా ఇవ్వండి. మార్ గడికి గడికీ ఉండే అంచు అయితే, ఓమా మొత్తం కాగితం చుట్టూ ఒక్కసారి ఉండే అంచు. పైగడిలో అడ్డ అక్షాన్ని గీయకుండా వదిలి, కిందిగడిలో మాత్రమే నెలల పేర్లు రాయాలి. బయటి అంచులో ఉమ్మడి శీర్షిక కావాలంటే 'ఎంటెక్స్ట్' కు అవుటర్ ట్రూ అని చెప్పాలి.

ఎంఎఫ్‌రో వాడితే ఒక సంగతి గమనించండి. రెండుకు రెండు గడులు పెట్టగానే ఆర్ అక్షరాలను 0.83 వంతుకు, మూడు అంతకంటే ఎక్కువ వరుసలు లేదా నిలువు వరుసలు ఉంటే 0.66 వంతుకు తనంతట తానే తగ్గిస్తుంది. పత్రిక 8 పాయింట్లు అడిగితే మీకు తెలియకుండానే 5.3 అయిపోతుంది. గడులు అమర్చిన తర్వాత పార్(సీఈఎక్స్ = 1) అని మళ్లీ రాస్తే అక్షరాలు అసలు పరిమాణానికి వస్తాయి.

వర్ణలేఖ రాసినది:

పత్రిక ఒప్పుకుంటే పీఎన్‌జీ, టిఫ్‌లకు బదులు పీడీఎఫ్ పంపండి. గీతల గ్రాఫుకు వెక్టర్ రూపమే (చుక్కలుగా కాక గీతలుగానే నిలిచే బొమ్మ) తగినది, అందులో 600 చుక్కల గొడవే ఉండదు. వేల కొద్దీ చుక్కలున్న స్కాటర్ గ్రాఫు అయితే పీడీఎఫ్ బరువెక్కి తెరవడానికి మొరాయిస్తుంది, అక్కడ టిఫ్ మేలు, కంప్రెషన్ దగ్గర "ఎల్‌జెడ్‌డబ్ల్యూ" ఇవ్వండి.

శీర్షికలు తెలుగులో కావాలనుకునేవారికి: మామూలు 'పీడీఎఫ్' డివైస్ ఒత్తులను, గుణింతాలను సరిగ్గా కూర్చదు. 'ర్యాగ్' ప్యాకేజీలోని 'ఎజీజీ_పీఎన్‌జీ', 'ఎజీజీ_టిఫ్' లు అక్షర సంయోగాన్ని చక్కగా చూసుకుంటాయి. ఫాంటు పేరును 'ఫ్యామిలీ' దగ్గర స్పష్టంగా ఇవ్వాలి.

విచలనం రాసినది:

రెండు గడుల రూపాన్ని పర్యవేక్షకులు అంగీకరించారు. మొత్తాన్ని ఒక ఫంక్షన్‌లో పెట్టాను. ఫంక్షన్ మొదట్లో పార్ పాత విలువలను ఒక చోట భద్రపరిచి, 'ఆన్.ఎగ్జిట్' తో చివర్లో వాటిని తిరిగి పెట్టేలా రాశాను, లేకపోతే ఆ అంచులు తర్వాతి గ్రాఫులన్నిటికీ అంటుకుంటున్నాయి. ఇక మిగిలింది ఒక్కటే. కిందిగడి శీర్షికలో మోతాదు యూనిట్‌ను 'మి.గ్రా. రోజు' అని రాసి, రోజు మీద రుణ ఒకటిని ఘాతాంకంగా చూపాలి. పైగా యూనిట్ పేరు ఫంక్షన్‌కు ఇచ్చే ఆర్గ్యుమెంటు నుంచి రావాలి. 'ఎక్స్‌ప్రెషన్' వాడితే ఆర్గ్యుమెంటు విలువకు బదులు దాని పేరే ముద్రితమవుతోంది.

మధ్యగతం రాసినది:

'ఎక్స్‌ప్రెషన్' తనకిచ్చినదాన్ని లెక్కించకుండా ఉన్నది ఉన్నట్టు గణిత రూపంలో ముద్రిస్తుంది, అందుకే మీకు పేరు కనిపిస్తోంది. దాని బదులు 'బీకోట్' వాడండి. అందులో .(యూనిట్) అని చుక్క, కుండలీకరణాలు పెట్టిన చోట మాత్రమే విలువ వచ్చి చేరుతుంది, మిగిలినది గణిత రూపంలోనే ఉంటుంది. బీకోట్("మోతాదు," ~ .(యూనిట్) ~ "రోజు"^-1) అని ఇస్తే మీరు కోరినట్టే వస్తుంది. '~' గుర్తు మధ్యలో ఖాళీ వదులుతుంది, ఖాళీ లేకుండా అతికించాలంటే '*' వాడాలి. ఈ గణిత రూపంలో కొత్త వరుస గుర్తు పనిచేయదు కనుక, రెండు వరుసల శీర్షికను 'ఎంటెక్స్ట్' తో రెండు సార్లుగా, ఒకటి లైన్ 3.4 దగ్గర, మరొకటి 2.4 దగ్గర రాయండి.